ఎత్తగలిగినంత బరువు

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం కొట్లో కొలతలు రాసుకోవడానికి కొన్నది. ముందు పేజీల నిండా ఎవరెవరివో ఛాతీలు, నడుములు, చేతుల పొడవులు ఉన్నాయి. వెనక నుంచి తిప్పి రాస్తున్నాను. ఎవరూ చూడరు. నా భార్యకి మంచం దిగి వచ్చి చూసే అవకాశం ఎలాగూ లేదు. ఈ మాట రాయకుండా ఉండాల్సింది.

సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. ఆమె అన్నయ్య. ఎంత మెత్తగా మాట్లాడతారో, నాకు అంత ఒళ్లు మండుతుంది. ఫోన్ ఆమె దిండు మీదే ఉంది, మాట బయటికి వినిపిస్తోంది.

“ఆయా ఉన్నన్నాళ్లూ సరేనండీ. ఆవిడ మే నెలాఖరుకి మానేస్తానంటోందిగా. తర్వాత దాన్ని మంచం మీంచి కుర్చీలోకి ఎవరు ఎత్తుతారు? మీరొక్కరూ ఎత్తగలిగితే అక్కడే ఉండనివ్వండి. లేదంటే నేనొచ్చి తీసుకెళ్తాను. మాది కింద ఇల్లు, నలుగురం మనుషులం ఉన్నాం.”

ఎత్తగలనన్నాను. ఏ నమ్మకంతో అన్నానో నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాక ఆమె గోడవైపు చూస్తూ, “నేను వెళ్లనండీ” అంది. 

మార్చి 5

ఆయా రాకముందే ప్రయత్నించాను. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి. పరుపు మీంచి బెత్తెడు లేచింది. నా నడుం కలుక్కుమంది. ఆమెను మళ్లీ పరుపు మీదికి వదిలేశాను, వదిలేశాను అంటే పడేశాను. ఆమె నవ్వింది, “బియ్యం బస్తా అనుకున్నారా” అని. నాకు నవ్వు రాలేదు.

ఆస్పత్రి కాగితంలో ఆమె బరువు యాభై మూడు కిలోలని ఉంది. నేను అరవై. ముప్పై ఏళ్లుగా ఈ చేతులు సూదికీ కత్తెరకీ తప్ప దేనికీ పనిచేయలేదు. నవంబరులో అటక మీంచి లైనింగ్ గుడ్డ తీయమన్నది కూడా నేనే. నిచ్చెన పట్టుకోవాల్సింది నేను. ఫోన్‌లో ఎవరితోనో ప్యాంటు పొడవు గురించి మాట్లాడుతుంటే ఆమె పైనుంచి పడింది.

మార్చి 8

జిమ్ మాస్టారు ట్రాక్ ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. ఛాతీ నలభై ఆరు, నడుం ముప్పై రెండు. అలాంటి కొలత రాసుకుంటుంటేనే నాకు సిగ్గేస్తుంది. మాటల్లో మాటగా నా సంగతి చెప్పాను. మా ఇంట్లో మంచం, బీరువా, కుట్టు మిషను పోగా నేను నిలబడే జాగా మూడు టైల్సేనని కూడా చెప్పాను.

సాయంత్రానికి ఒక జత డంబెల్స్ తెచ్చి మూడు అంతస్తులూ మోసి ఇచ్చిపోయాడు. చూడడానికి రెండే. ఒక్కోటి ఒక్కో ట్రేలో కూర్చుని ఉంటుంది. పక్కనున్న బిళ్లని తిప్పితే టిక్కు టిక్కుమంటూ అంకె మారుతుంది. కావలసినన్ని పలకలు చేతితో పాటు లేస్తాయి, మిగతావి ట్రేలోనే ఉండిపోతాయి. అయిదు నుంచి యాభై దాకా అందులోనే ఉందట. ఇంట్లో చోటు లేనివాళ్ల కోసమే చేశారట. “పదితో మొదలుపెట్టండి. రెండు వారాలకోసారి అయిదు పెంచండి. తొందరపడొద్దు” అన్నాడు. రెండు ట్రేలూ మంచం కింద పట్టాయి.

లెక్క వేశాను. రెండు చేతులవీ కలిపి యాభై మూడు దాటాలి. అంటే ముప్పై, ముప్పై. మే మొదటి వారానికి అయిపోతుంది. బావగారి గడువుకి ఇంకా మూడు వారాలు మిగులుతుంది కూడా.

మార్చి 9

పది. అమ్మో.

మార్చి 12

మూడు టైల్స్‌లో చేయగలిగింది ఇది: నిలబడి మోచేతులు మడవడం, కూర్చుని లేవడం, ఒక చెయ్యి మంచం మీద ఆనించి రెండో చేత్తో కింది నుంచి పైకి లాగడం. చేతులు పక్కలకి చాపితే కుడివైపు బీరువాకి తగులుతుంది, ఎడమవైపు ఆమె ముక్కుకి. అది మానేశాను.

ఆమె లెక్కపెడుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది, మళ్లీ తొమ్మిది, పది అంటుంది. ఇదేం లెక్క అంటే, “మీరు గుడ్డ కొలిచేటప్పుడు అంగుళం ఎక్కువ వదలరా, ఇదీ అంతే” అంటుంది. నవంబరు తర్వాత ఈ ఇంట్లో ఇంత నవ్వు వినలేదు.

మార్చి 16

కింది ఫ్లాటు ప్లీడరుగారు పైకి వచ్చారు. మా గదిలో రోజూ పొద్దున ఏడింటికి ఏం కూలిపోతోందో తెలుసుకుందామని వచ్చారట. డంబెల్స్ చూపించాను. నన్ను ఎగాదిగా చూసి, “ఈ వయసులోనా” అన్నారు. బొంత నాలుగు మడతలేసి దాని మీద దించుతానని మాటిచ్చాను.

మార్చి 23

పదిహేను. అనుకున్న రోజుకే.

ఆయా ఏదో చెప్పింది, అమ్మగారు మధ్యాహ్నం డబ్బాలో పెట్టినది సరిగ్గా తింటున్నట్టు లేదని. డబ్బా ఖాళీగానే ఉంటోందిగా అన్నాను. పడుకుని ఉండే మనిషికి మనలాగా ఆకలేస్తుందా ఏమిటి.

ఏప్రిల్ 2

ఆమె నైటీలు రెండూ నడుం దగ్గర లూజయ్యాయి. ఉతికి ఉతికి గుడ్డ సాగింది. రెండు వైపులా అంగుళం లోపలికి వేశాను.

ఏప్రిల్ 7, సోమవారం

ఇరవై. ఇస్త్రీ పెట్టె చేతికి బొమ్మలా అనిపిస్తోంది. కొట్లో ఎవరూ చూడనప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకున్నాను. ఏదో ఉంది. గోళీకాయంత.

ఆమెకి చూపిస్తే నొక్కి చూసి, “అబ్బో” అంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత అడిగింది, “ఇప్పుడు రెండూ కలిపి ఎంతయినట్టు?” నలభై అన్నాను. ఇంకా పదమూడు అంది. నాకంటే ఆమెకే లెక్క బాగా గుర్తుంటోంది.

ఏప్రిల్ 11

ప్లీడరుగారు మళ్లీ వచ్చారు. ఈసారి పావురాలు. మా మంచం పక్క కిటికీ గట్టు మీద పదిహేను దాకా చేరుతున్నాయట, ఆయన ఆరేసిన తెల్ల చొక్కాలన్నీ పాడవుతున్నాయట. మధ్యాహ్నాలు నేను కొట్లో ఉంటాను, నాకేం తెలుసు. పావురాలకి నోటీసు పంపండి అన్నాను. కోపంగా వెళ్లారు. ఆమె మాత్రం నవ్వలేదు. మామూలుగా ఇలాంటి మాటకి పడీ పడీ నవ్వుతుంది.

ఏప్రిల్ 19

నైటీలు మళ్లీ అంగుళం. ఈ గుడ్డే మంచిది కాదు. ఇకమీద ఆ హోల్‌సేల్ వాడి దగ్గర కొనను.

ఏప్రిల్ 21

ఇరవై అయిదు. రెండూ కలిపి యాభై. ఆగలేక ఆమెను ఎత్తి చూశాను. పరుపు నుంచి పూర్తిగా లేచింది. ఒక్క అడుగు వేశాను కూడా. కుర్చీ దాకా వెళ్లలేక మళ్లీ మంచం మీదికే దించాను. ఈసారి పడేయలేదు, దించాను. ఆమె కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ.

“దగ్గరపడ్డాం కదండీ” అంది. నువ్వేం చేశావు, ఎత్తింది నేను కదా అని వేళాకోళం చేశాను.

ఏప్రిల్ 28

బావగారు వీడియోలో మాట్లాడారు. “చిక్కినట్టున్నావేంటే” అన్నారు ఆమెతో. వెలుతురు అలా పడిందంతే. మనవాళ్లు దూరంగా ఉంటే చాలు, చిక్కిపోయినట్టే కనపడతారు. తన దగ్గరికి తీసుకెళ్లడానికి ఏదో ఒక వంక కావాలి ఆయనకి. ఫోన్ పెట్టేశాక ఆమెతో అదే అన్నాను. ఔనంది.

మే 3

నైటీలు రెండూ మళ్లీ. ఒక్కో వైపు ఒకటిన్నర.

మే 5

ముప్పై.

మే 8, గురువారం

ఎత్తాను.

ఒక్కడినే. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి బాత్రూంలో స్టూలు మీదికి, మళ్లీ మంచం మీదికి. ఆయా గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని చూసింది. ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసింది, ఊపిరి నా చెవి దగ్గర వినిపిస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనామెను ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఎత్తుకోవచ్చని తోచలేదు.

బావగారికి నేనే ఫోన్ చేశాను. గొంతులో గర్వం దాచుకోలేకపోయాను. ఆయన సంతోషమండీ, మాట ప్రకారం నేనిక అడగను అన్నారు. మంచివాడే. ఇన్నాళ్లూ అనవసరంగా విసుక్కున్నాను.

మే 9

ఎత్తాను. నాలుగుసార్లు.

మే 10

ఎత్తాను.

మే 13

కిటికీలోంచి కిందికి కనపడేలా ఎత్తి పట్టుకుని వీధి చూపించాను. ఎదురుగా మందుల కొట్టు రంగు మారిందని ఆరు నెలల తర్వాత చూసింది.

మే 17, శనివారం

జిమ్ మాస్టారు పోయిన వారం ఇచ్చిన ప్యాంట్ల కోసం వచ్చాడు. ఊరికే చెప్పాను, ముప్పైకి వచ్చానని. బావుందన్నాడు. ఒక్కో చేత్తో ముప్పై కిలోలంటే మాటలు కాదు కదా అన్నాను.

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. “కిలోలు కాదండీ, అవి పౌన్లు. ముప్పై కిలోలంటే నేనే పళ్లు బిగించి ఎత్తాలి. ట్రే అడుగున రాసుంటుంది చూడండి. ముప్పై అంటే పదమూడున్నర కిలోలు. అయినా మీకు అది ఎక్కువే” అన్నాడు.

ప్యాంట్లు ఇచ్చి పంపేశాను. తర్వాత టేపు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. టేపుకి ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ వైపుదీ ఈ వైపుదీ కలిపేసుకోలేదు. మా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి మొదటి రోజే చెప్పేది అది, అంకె చూడకముందు ఏ వైపు పట్టుకున్నావో చూసుకో అని.

రెండూ కలిపి ఇరవై ఏడు కిలోలు. ఇరవై ఏడు కిలోలు ఎత్తేవాడు యాభై మూడు ఎలా ఎత్తాడు?

మనిషిని ఎత్తడం వేరు. కాళ్ల బలం, నడుం బలం కలుస్తాయి. ఆమె కూడా మెడ పట్టుకుని కొంత సాయం చేస్తుంది. అంతే అయి ఉంటుంది.

మే 18

నైటీలకి ఇప్పటిదాకా లోపలికి వేసింది ఒక్కో వైపు మూడున్నర అంగుళాలు. రెండు వైపులా కలిపి లెక్కేస్తే ఏడు. ముందు పేజీల్లో ఆమె పాత కొలత ఉంది, నా చేతిరాతే. ఈ పుస్తకంలోనే ఉంది.

మే 19

మందుల కొట్టు నుంచి బరువు చూసే మిషను అడిగి తెచ్చాను. ఆమె వద్దంది. కొత్త మందుకి డోసు చూడాలని అబద్ధమాడాను. ఆమెను ఎత్తుకుని మిషను మీద నిలబడ్డాను. కిందికి వంగి అంకె చూడబోతుంటే ఆమె రెండు చేతులతో నా కళ్లు మూసింది.

“చూడకండి.”

అలాగే నిలబడ్డాం కాసేపు. తర్వాత ఆమే చేతులు తీసేసింది. తొంభై తొమ్మిది. నేను అరవై.

ముప్పై తొమ్మిది.

మంచం మీద కూర్చోబెట్టి అడిగాను, తింటున్నది ఎక్కడికి పోతోందని. కిటికీ వైపు చూసింది. నాకు పావురాలు గుర్తొచ్చాయి. నేనూ ఆమెతో పాటు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది, తప్పు చేసిన మనిషిలా కాకుండా, పని పూర్తిచేసిన మనిషిలా. “అన్నయ్య అన్నది నేనూ విన్నాగా. మీరు రోజూ పెంచుతున్నారు. ఎంత కష్టపడుతున్నారో ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నా. నేను చేయగలిగింది ఇదొక్కటే అనిపించింది. మీరు పెంచుతుంటే నేను తగ్గించా. మధ్యలో ఎక్కడో కలుస్తామనుకున్నా.”

ఆమెను తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విని, “కలిశాం కదండీ” అంది.

మే 21

ఫిజియో మేడం వచ్చి చూసింది. నెలకోసారి వస్తుంది, పోయిన నెల రాలేదు. నడుం కింద ఎముక దగ్గర పుండు మొదలైందట. నేను చూడలేదు. ఆయా చూసి పౌడరు వేస్తోందట. మేడం నన్ను వంటగట్టు దగ్గరికి పిలిచి చెప్పింది. తినకపోతే పుండు మానదు, లోపలికి దిగితే మన చేతుల్లో ఉండదు. కనీసం యాభైకి రావాలి.

ఇకమీద మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికి వస్తాను. నా ముందే తినాలి.

మే 22

తింది.

మే 24

తింది. తింటున్నంతసేపూ నా చేతుల వైపు చూస్తుంది.

మే 25, ఆదివారం

“యాభైకి వస్తే ఎత్తగలరా?” అని అడిగింది. ఎత్తగలనన్నాను. అయితే చూపించండి అంది.

ఆమెకి ఎప్పుడూ నాకంటే లెక్క బాగా వచ్చు. రెండు డంబెల్సూ పదిహేను మీద పెట్టమంది. పౌన్లే, ఈసారి ఇద్దరికీ తెలుసు. రెండూ కలిపితే పదమూడున్నర కిలోలు. “ముప్పై తొమ్మిదికి పదమూడున్నర. ఇది నా పాత బరువు” అని రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, చంటిపిల్లలని పెట్టుకున్నట్టు. మాకు పిల్లలు లేరు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎత్తాను. మంచం అంచు దాకా వచ్చాను.  ఇద్దరం ఆ మూడు టైల్స్‌లో కూలబడ్డాం. ఒక డంబెల్ నేల మీద పడి ఇల్లంతా అదిరింది. ఆమెకి ఏమీ కాలేదు, నా మీద పడింది. కింది నుంచి ప్లీడరుగారి అరుపు వినబడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాం.

నవ్వు ఆగాక ఆమె అంది, “నాకిది చాలండీ. నలభై దగ్గర ఉండిపోతా.” పుండు సంగతి చెప్పాను. “అది ఎప్పుడో కదా. అన్నయ్య దగ్గరికి వెళ్లడం రేపే కదా” అంది.

మే 27

ఇంకో ఆయా కోసం ఏజెన్సీకి వెళ్లాను. ఇది మూడోసారి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఎత్తాల్సిన మనిషి అనగానే ఆ అమ్మాయి పెన్ను మూసేస్తుంది.

మే 29

పక్క గుడ్డలు మారుస్తుంటే దిండు గలీబులో రొట్టె ముక్కలు దొరికాయి. నా ముందు నోట్లో పెట్టుకున్నవే. నేను మంచినీళ్లకి లేచినప్పుడు తీసేసి ఉంటుంది. పావురాలను నేను తోలేశాను కదా, మరి ఎక్కడ పెడుతుంది.

ముప్పై ఎనిమిది.

మే 30

నేను ఎత్తగలనన్న ఆశ ఉన్నంతకాలం ఆమె తినదు. ఈ ఒక్క మాటా పొద్దున్నించీ తిరిగి తిరిగి వస్తోంది. కొట్లో ఒక కోటుకి రెండు ఎడమ చేతులు కుట్టాను.

మే 31, శనివారం

ఉన్నదున్నట్టు రాస్తాను. ఇంకెక్కడా చెప్పను కాబట్టి.

పొద్దున ఆమెను మూడుసార్లు ఎత్తాను. ఏ కష్టమూ లేదు. అలాగే రోజంతా ఎత్తుకుని తిరగమన్నా తిరగగలను. సాయంత్రం కుర్చీలోంచి మంచం మీదికి మార్చే వేళకి చేతులు చాపింది. నేను నిలబడ్డాను.

“ఇక ఎత్తను” అన్నాను.

నడుం పట్టేసిందా అని అడిగింది. లేదన్నాను. మరి ఏమిటంది.

“విసుగొచ్చింది. పొద్దున లేస్తే ఎత్తడం, దించడం, కడగడం. నా బతుకు ఇంతేనా అనిపిస్తోంది. నువ్వు తగ్గితే ఏంటి, పెరిగితే ఏంటి. పది కిలోలైనా ఎత్తను. మీ అన్నయ్యకి ఫోన్ చేశాను. బుధవారం వస్తున్నారు.”

ముందే అనుకుని పెట్టుకున్న మాటలు. మధ్యాహ్నం కొట్లో షట్టరు దించి, అద్దం ముందు నిలబడి రెండుసార్లు పైకి అని చూసుకున్నాను. బట్ట కత్తిరించే ముందు గీత గీసుకున్నట్టు. అయినా ఆఖరి మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆమె అది కోపమనుకుంది.

చాపిన చేతులు కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఒళ్లో పెట్టుకుంది. ఆయాకి ఈరోజే ఆఖరి రోజు, కింద చెప్పులు వేసుకుంటోంది. పిలుచుకొచ్చి ఇద్దరం కలిసి మంచం మీద పడుకోబెట్టాం. నేను కాళ్ల వైపు పట్టుకున్నాను.

జూన్ 1

మొహం గోడవైపే పెట్టుకుంది.

జూన్ 2

ఎత్తక తప్పదు కదా. ఎత్తాను. ఈసారి మెడ పట్టుకోలేదు. చేతులు పక్కకి వేలాడేసింది. మనిషి పట్టుకోకపోతే ముప్పై ఎనిమిది కిలోలు కూడా బరువే.

జూన్ 4, బుధవారం

బావగారు వచ్చారు. పెద్ద కారు, వెనక సీటు పడుకునేలా మార్చి తెచ్చారు. ఆయనకి నిజం చెప్పాను, మెట్ల దగ్గర, ఆమెకి వినపడకుండా. పుండు సంగతి, తిండి సంగతి, నేను అన్న మాట సంగతి. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. మీరూ రండి, కొట్టు అక్కడ పెట్టుకోవచ్చు అన్నారు. నేను వస్తే మళ్లీ మొదటికొస్తుంది. నా చేతులు కళ్లెదురుగా కనబడితే చాలు, మళ్లీ తగ్గడం మొదలుపెడుతుంది. ఆమెకి చెప్పనని మాట తీసుకున్నాను.

మూడు అంతస్తులూ నేనే ఎత్తుకుని దించుతానన్నాను. వద్దంది. అన్నయ్యని, డ్రైవరుని పట్టుకోమంది. నేను ముందు నడుస్తూ తలుపులు తీశాను.

జూన్ 5

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 12

బావగారి భార్య ఫోన్ చేసింది. తింటోందట. మొదటి రెండు రోజులు మొండికేసి, తర్వాత కోపంగా తినడం మొదలుపెట్టిందట. “ఎవరిమీద కోపమో తెలీదు అన్నయ్యగారూ, కంచం ఖాళీ చేసి నా ముందు పెట్టి, ‘చాలా?’ అని అడుగుతుంది” అంది. ఆవిడకి వాళ్లాయన ఏమీ చెప్పలేదని నాకు అర్థమైంది.

నలభై.

జూన్ 22

నలభై రెండు. పుండు ఆరుతోందట.

జూన్ 30

నైటీలు బిగుతవుతున్నాయట. కొరియర్లో పంపించారు. కుట్లు విప్పాను. లోపల గుడ్డ అంతా అలాగే ఉంది, కత్తిరించలేదు. ఎందుకు కత్తిరించలేదో ఇప్పుడు ఆలోచిస్తే, నాకు మొదటి నుంచీ తెలుసేమో అనిపిస్తోంది. సాగిన గుడ్డ అయితే కత్తిరించి పారేసేవాడిని.

జూలై 6

డంబెల్స్ మీద ముప్పై అయిదు. ఎందుకు చేస్తున్నానని అడగడానికి ఎవరూ లేరు. లెక్కపెట్టేవాళ్లు లేరు కాబట్టి పది అంటే పదే వస్తున్నాయి.

జూలై 13, ఆదివారం

నలభై ఆరు.

డంబెల్స్ రెండూ చివరి అంకె మీద పెడితే కలిపి నలభై అయిదు కిలోలు. అంతకు మించి ఆ ట్రేల్లో పలకలు లేవు. ఆమె నలభై ఆరుకి వచ్చిందని తెలిసి పొద్దున సంతోషంగా కొట్టుకి వెళ్లాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఆమె బాగుపడుతోంది. నా చేతుల్లో ఇక పట్టదు. రెండూ ఒకటే సంగతి.

జూలై 19

జిమ్ మాస్టారు వచ్చి డంబెల్స్ ఎలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయన్నాను. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. బరువు పెరిగిందన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

బావగారి భార్య ఫోన్ చేసింది. యాభై అంది. పుండు మానిపోయిందట, డాక్టరు ఇక రానక్కర్లేదన్నాడట. చెబుతూ చెబుతూ ఆగింది. వెనక ఏదో మాట. తర్వాత ఫోన్ చేతులు మారింది.

రెండు నెలల తర్వాత ఆమె ఊపిరి వినబడింది. నేనే ముందు మాట్లాడతాననుకుందేమో. 

“ఒక్కటే అడుగుతా” అంది. “పది కిలోలైనా ఎత్తనన్నారు కదా. ఆ మాట నిజంగానే అన్నారా?”

ఈ ప్రశ్న వస్తుందని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఏం చెప్పాలో కూడా ఎన్నోసార్లు అనుకున్నాను. లేదు, అబద్ధం, నువ్వు తినాలని అన్నాను, ఈ క్షణం వచ్చినా ఎత్తుకుంటాను అని చెబితే ఆమె సంతోషిస్తుంది. రెండు నిమిషాలు ఏడుస్తుంది, నన్ను తిడుతుంది. ఆ తర్వాత అడుగుతుంది, ఇప్పుడు ఎంత ఎత్తగలరు అని. నేను ఎంత చెబితే అంతకి దిగుతుంది. ఆమె సంగతి నాకు తెలుసు.

“నిజంగానే అన్నాను” అన్నాను.

 “సరే” అంది. కోపంగా కూడా అనలేదు. ఫోన్ వదినకిచ్చేసింది. దూరం నుంచి ఆమె గొంతు వినబడింది, వదినా ఆకలేస్తోంది, ఏముందీ అని.

“అన్నం పెట్టాలి అన్నయ్యగారూ, ఉంటాను” అంది ఆవిడ. ఉండమ్మా, ముందు పెట్టు అన్నాను.